ముందు పెద్ద, తర్వాత ముఠా

కరోనా సెలవుల తర్వాత కాలేజీలు తెరిచిన ఏడాది నన్ను ఆఫీసు నుంచి గణిత శాఖకు మార్చారు. బోగోలు నుంచి బస్సులో పోయివచ్చే దూరంలో ఉన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అది. కాగితాల మీద నా హోదా ఆఫీస్ సబార్డినేట్, అందరూ పిలిచేది అటెండర్. మా ఆయన అక్కడే వాచ్‌మన్‌గా చేస్తూ చనిపోతే, అయిదో తరగతి చదువుతో నాకా ఉద్యోగం ఇచ్చారు. రిటైర్మెంటుకు అప్పటికి ఇంకా రెండేళ్లుంది. శాఖలో తాళాలు, సుద్దముక్కలు, టీ, కాగితం నా బాధ్యత. పాత ప్రశ్నపత్రాలను ఖాళీవైపు పైకి వచ్చేలా కుట్టి చిత్తు పుస్తకాలు చేసేదాన్ని. తెల్లకాగితం కావాలన్నవాళ్లను, ముందు ఇచ్చిన చిత్తు పుస్తకం నిండిందో లేదో చూపించమనేదాన్ని.

ఆ ఏడాది శాఖ తరఫున ప్రాజెక్టు చేసింది సలోమి. బీఎస్సీ మూడో సంవత్సరం. సముద్రం ఒడ్డు పల్లె, వాళ్ల నాయన వేటకు పోతాడు. ప్రాజెక్టులకు ముందు జిల్లా స్థాయిలో పోటీ ఉంటుంది. బయటి కాలేజీ నుంచి వచ్చిన నిర్ణేత విద్యార్థిని కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, నచ్చినదాన్ని రాష్ట్రానికి పంపుతాడు. జిల్లాలో నెగ్గితే ఎమ్మెస్సీ, లేకుంటే చదివింది చాలని ఆమె నాయన తేల్చి చెప్పాడు.

ఆమె తీసుకున్నది ద్విపద గుణకాల మీద ఒక సర్వసమీకరణం. పేరు పెద్దదే కాని సంగతి చిన్నది. కొంతమంది ఉన్నారు. వాళ్లలో ఎందరినైనా తీసి జట్టు కట్టి, జట్టులో ఒకరిని పెద్దగా పెట్టాలి. అలా ఎన్ని విధాలుగా చేయవచ్చు? ముగ్గురుంటే పన్నెండు విధాలు. ఎంతమంది ఉన్నా ఒకే సూత్రం వర్తిస్తుందని పుస్తకంలో ఉంది. దాన్ని నిరూపించి, ఇద్దరు పెద్దలకూ ముగ్గురు పెద్దలకూ విస్తరించాలి. సలోమి పన్నెండు మంది దాకా పట్టిక వేసింది, అన్నీ సరిపోయాయి. ఆమెకు గైడుగా ఉన్న సుగుణ మేడం అది చూసి, పట్టిక రుజువు కాదన్నారు.

మధ్యాహ్నం టీ ఇవ్వడానికి వెళ్తే సలోమి గోళ్లు కొరుకుతూ కూర్చుని ఉంది. ఏమైందని అడిగి, విని, నవ్వాను.

“జట్టు కట్టినాక పెద్దను పెడతారా యాడన్నా? నాట్లకు కూలోళ్ల ముఠా కట్టేటప్పుడు ముందు పెద్ద ఎవురో తేలాల. ఆమె పోయి ఇంటింటా అడగతాది, వస్తావా రావా అని. ఒక్కొక్కరిదీ రెండే మాటలు.”

సలోమి చిత్తు పుస్తకం లాక్కుంది. ముగ్గురిలో పెద్ద ఎవరైనా కావచ్చు, మిగిలిన ఇద్దరికీ రెండేసి జవాబులు. మూడు రెళ్లు ఆరు, ఆరు రెళ్లు పన్నెండు.

“ఇద్దరు పెద్దలైతే ముందు ఆ ఇద్దరినీ తీస్తే సరిపోయె. మిగతావాళ్లను అట్నే అడగొచ్చు గదవ్వా?”

“అడగొచ్చు. అవ్వేందే, నాకేమంత వయసని?”

అక్కడితో ఆగలేదు ఆ పిల్ల. వచ్చే ప్రతి మనిషికీ x పనుల్లో ఒకటి అప్పజెప్పవచ్చు అనుకుంటే, రాననేది ఒక జవాబు, వస్తాననేవి x జవాబులు. రెండు ఉన్నచోట ఒకటి ప్లస్ x పెడితే, x ఉన్న బహుపది సూత్రానికి కూడా అదే రుజువు. ఇదంతా ఒక పాత ప్రశ్నపత్రం వెనక సగం పేజీలో పట్టింది.

“ప్రాజెక్టులో మీ పేరు రాస్తా” అంది.

నేను మడిలో వంగి నాట్లేసిన మనిషినని ఆ కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఆ గదిలోవాళ్లంతా పెద్ద చదువులవాళ్లు. “ముఠా గిఠా అని రాస్తే నవ్విపోతారు. పుస్తకంలో ఉండేమాదిరి రాయి. నా మాట ఎత్తినావంటే ఈ గది తాళం నీకు మళ్లీ తియ్యను” అన్నాను. ఆ గదిలో మాదిరి సాయంత్రం అయిదు గంటల దాకా కూర్చుని చదువుకునే చోటు ఆమెకు ఇంట్లో లేదు. నాకది తెలుసు.

సలోమి గణితానుగమనంతో ఆరు పేజీలు రాసింది. అంటే ఒక సంఖ్యకు నిజమైతే తర్వాతిదానికీ నిజమని మెట్టు మెట్టుగా చూపించడం. పోటీ ఆ ఏడు మా కాలేజీలోనే జరిగింది. ఆ రోజు నిర్ణేతగారు నాలుగో పేజీ దగ్గర ఆగారు. ఇద్దరు పెద్దల మెట్టులో లెక్క ఒకటి జారిందని చెప్పి, దయగానే అడిగారు. “పోనీలేమ్మా, ఇది ఎందుకు నిజమో మామూలు మాటల్లో చెప్పగలవా?”

నేను తలుపు దగ్గర టీ కప్పుల ట్రేతో నిలబడి ఉన్నాను. సలోమి నావైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

“పన్నెండు దాకా వేసి చూశాను సార్, సరిపోయింది” అంది.

“పన్నెండు దాకా సరిపోవడం వేరమ్మా” అని ఆయన ఫైలు మూశారు.

సాయంత్రం ఎంపిక జాబితా మీద సంతకాలయ్యాక, కప్పులు కడుగుతూ సుగుణ మేడంకు ముఠా సంగతి చెప్పాను. ఆమె రెండుసార్లు చెప్పించుకుని విన్నారు.

“రుజువంటే ఇదే. లోపల చెప్పివుంటే ఆ ఆరు పేజీల్లో దొర్లిన తప్పును ఆయన లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఎందుకు చెప్పలేదు ఆ పిల్ల?” అన్నారు. నేను వద్దన్నానని చెప్పాను. ఆమె బ్యాగు తీసుకుని వెళ్లిపోయారు.

సలోమి ఇప్పుడు ఒడ్డున రొయ్య పిల్లల హేచరీలో తొట్ల నీళ్లు పరీక్షించే పని చేస్తోంది. బోగోలు బస్సులో కనిపిస్తే లేచి నాకు సీటిస్తుంది. ఎమ్మెస్సీ మాట నేను ఎత్తను, ఆమె కూడా ఎత్తదు.

కాగితం పొదుపు చేయడం నాకు తెలుసనుకునేదాన్ని. సగం పేజీలో తేలిపోయిన దానికి ఆరు పేజీలు ఖర్చు చేయించింది నేనే. పన్నెండు దాకా సరిపోయినంత మాత్రాన పదమూడుకు పూచీ లేదు. ఎందుకు సరిపోతుందో చెప్పిన మాట ఒక్కటే అన్నిటికీ నిలుస్తుంది. ఆ మాట కాలేజీలో పుట్టిందా, మడిలో పుట్టిందా అన్నది రుజువుకు అక్కర్లేదు, ఆ నిర్ణేతగారికీ అక్కర్లేకపోయింది. ఆ పట్టింపు నాకే ఉండింది.