కాన్యేరే గడప మీది ఉప్పుగడ్డ

లోకమంతా వాన కోసం ఆకాశం వంక చూస్తుంది. కాత్వే ఉప్పుసరస్సు మీద బతికే మేము మాత్రం వాన పేరెత్తితేనే వణుకుతాం. మూడు వారాలు ఎండబెట్టిన ఉప్పుమడి అరగంట జల్లుకి మళ్లీ నీళ్లయిపోతుంది. ఆడవాళ్లం ఒడ్డున మడులు కట్టి ఉప్పు తీస్తాం కాబట్టి మా నష్టం ఉప్పుతోనే పోతుంది. మగవాళ్లు అలా కాదు. నడి సరస్సులో గుండెల లోతు నీళ్లలో నిలబడి, గునపాలతో అడుగునున్న ఉప్పుపలకలు పగలగొట్టి తెప్పల మీదికి ఎత్తుతారు. చుట్టూ చెట్టూ పుట్టా ఏమీ ఉండదు. ఉరిమిందంటే పిడుగుకి దొరికేది ఆ మనిషే. మా మామ అలాగే పోయాడు, ఆయన శవాన్ని నేనే తుడిచాను.

అందుకే పొద్దున్నే పనికి పోయేవాళ్లంతా కాన్యేరే వాకిట్లో ఆగేవాళ్లు. నా పక్కమడి ఆవిడది. మనిషి పొట్టి, నోరు మాత్రం పెద్దది. చదువు లేదు. అయితే గాలిలో తేమ ఎంతుందో ఆవిడకి తెలిసినట్టు మా వాడలో ఇంకెవరికీ తెలియదు. ఆవిడ చేసేదల్లా ఒక్కటే. రోజూ సాయంత్రం పిడికెడంత ఉప్పుగడ్డని అరిటాకు ముక్కలో పెట్టి గడప మీద ఉంచేది. తెల్లారగానే వేలితో తడిమేది. గడ్డ పొడిగా ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు. జిగటగా ఉంటే గాలి నిండా తేమ ఉన్నట్టు, మధ్యాహ్నం దాటాక వాన తప్పదన్నట్టు. ఇరవై ఏళ్లలో ఆవిడ మాట తప్పింది నేనెరగను. ఆ సంగతి ఆవిడకీ బాగా తెలుసు, రోజుకి పదిసార్లు చెప్పేది కూడా.

కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతె ఒకసారి అడిగింది. "పిన్నీ, ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. వాన ఎక్కణ్ణుంచి ఊడిపడుతుంది?"

"పెళ్లికి ముందు నీ మొగుడు ఎక్కడున్నాడే? నీకు కనపడకపోయినా ఉన్నాడు కదా!" అంది కాన్యేరే. "ఇదీ అంతే. ఎండకి మన పక్కనున్న పెద్ద సరస్సు నీళ్లు ఆవిరై గాలిలో కలుస్తాయి, కంటికి కనపడవు. ఆ గాలి వేడెక్కి పైకి లేచి మన కొండలెక్కుతుంది. పైన చలి. అరటికాయలు ఉడుకుతుంటే గిన్నె మీద కప్పిన ఆకు ఎత్తి చూడు, అడుగున చెమట పట్టి ఉంటుంది. చల్లబడితే ఆవిరి చుక్కలవుతుంది మరి! సన్న చుక్కలు గుంపుకడితే మబ్బు. ఒకదాన్నొకటి అంటుకుని బరువెక్కితే ఆగలేక కింద పడతాయి. తెలిసిందా? ఇక పని చూడు."

నేను చెప్పబోయేది ఒక శుక్రవారం నాటి మాట. పొద్దున కాన్యేరే వాకిట్లో పదకొండు తెప్పలవాళ్లూ నిలబడ్డారు. వాళ్లలో ఆవిడ మొగుడు ఎంబూసా కూడా ఉన్నాడు. "ఏమంటోందమ్మా ఉప్పు?" అని అడిగాడు ముసలి బలుకు.

"ఎండి గలగల్లాడుతోంది మామా. పొద్దు గూకేదాకా చుక్క పడదు. ధైర్యంగా పోండి."

వాళ్లు పోయారు. ఎంబూసా తెప్ప అందరికన్నా లోపలికి పోయింది.

మిట్టమధ్యాహ్నం అయ్యేసరికి నా మడిలో ఉప్పు నేను గీకే చెక్కకి అంటుకుపోవడం మొదలైంది. గీకితే పొరలా లేవాల్సింది ముద్దలా జారుతోంది. నా మెడ మీద చెమట ఆరడం లేదు.

"కాన్యేరే, ఇదేమిటే, ఉప్పు బురదలా వస్తోంది?"

"నీ చేతివాటం అంతేలే ఇతుంగక్కా, నువ్వెప్పుడు సరిగ్గా గీకావు గనక!" అని నవ్వి తన మడిలో చెయ్యి పెట్టింది. నవ్వు ఆగిపోయింది. రెండు వేళ్లూ రుద్ది చూసుకుంది. మళ్లీ రుద్దింది.

"అక్కా, నిన్న సాయంత్రం మేక..." అంది.

"ఏ మేకే? సరిగ్గా చెప్పి చావు!"

"గడప మీది ఉప్పు నాకుతోందని గడ్డ తీసి పొయ్యి పైన అటక మీద పెట్టాను. పొద్దున సెగ సంగతి మరిచిపోయి అక్కణ్ణుంచే తీసి తడిమాను. రాత్రంతా సెగ తగిలింది అక్కా. పొడిగా ఉండక ఏమవుతుంది!"

ఇద్దరం కొండల వైపు తిరిగాం. పొద్దుట్నుంచీ వంచిన నడుం ఎత్తని ముండలం, అప్పుడు చూశాం. మబ్బు కొండని మింగేసి మా నెత్తి మీదికి వంగి ఉంది. పైన తెల్లగా కుప్పలు కుప్పలుగా ఉంది, అడుగున నల్లగా ఉంది. గాలి బొత్తిగా ఆగిపోయింది.

"ఎంబూసా!" అని కాన్యేరే పెట్టిన కేక నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. నీళ్ల మీద వాళ్లు చీమల్లా కనిపిస్తున్నారు. మా గొంతులు అంతదూరం ఎక్కడ పోతాయి? పైన చుట్టుకున్న గుడ్డ విప్పి ఊపింది. నేనూ ఊపాను. ఒడ్డున ఉన్న ఆడవాళ్లందరం ఊపాం. గునపాలు లేస్తూనే ఉన్నాయి, దిగుతూనే ఉన్నాయి. ఒక్కడూ తల తిప్పలేదు.

మొదటి ఉరుముకి నేల అదిరింది. అప్పుడు తిరిగాయి తెప్పలు. ఆ వెంటనే గాలి విరుచుకుపడింది, దాని వెనకే వాన. నా మడి కళ్లముందే కరిగిపోయింది. నిజం చెబుతున్నా, దానివైపు నేను చూడనైనా లేదు. మెరిసినప్పుడల్లా కళ్లు మూసుకుని, తెరిచి, తెప్పలు లెక్కపెడుతున్నాను. నాలుగు. ఏడు. పది. పలకలన్నీ నీళ్లలో పారేసి, తెప్పల మీద బోర్లా పడుకుని వచ్చారు మగవాళ్లు. పదకొండోది రాలేదు.

"నేనే చంపాను, నా నోటితో నేనే పంపాను" అంటూ కాన్యేరే నీళ్లలోకి నడిచింది. ఆవిడ నడుం పట్టుకుని వెనక్కి లాగాను. చేతులు కొరికింది. అంత భయంలోనూ రెండు తిట్లు తిట్టాను, వదల్లేదు. సరస్సు నడుమ పిడుగు పడింది. తెల్లటి వెలుగులో అక్కడంతా ఖాళీగా కనిపించింది. కాన్యేరే నా చేతుల్లోనే కూలబడింది.

ఎంతసేపో నాకు తెలియదు. వాన సన్నబడ్డాక విరిగిన తెప్పమొద్దు ఒకటి కొట్టుకొచ్చింది. దాన్ని కావలించుకుని ఎంబూసా ఉన్నాడు. పెదాలు నల్లబడ్డాయి, పళ్లు టకటకలాడుతున్నాయి. మా నీళ్లు చిక్కన, మనిషిని తేలుస్తాయి, ఆ ఒక్కటే అతన్ని కాపాడింది. అందరం కలిసి ఒడ్డుకి ఈడ్చాం.

కాన్యేరే అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "గుడ్డలు ఊపాం కదయ్యా! కనపడలేదా? అంత మబ్బూ కనపడలేదా నీకు?"

"కనపడింది. అది ఇంకా కొండ మీద ఉండగానే చూశాను."

"చూసి?"

"నేను తెప్ప తిప్పితే వీళ్లేమంటారే? దాని మాట మొగుడే నమ్మడం లేదు అనరూ?"

కాన్యేరే అతని గుండెల మీద గుద్దింది. "నా మాట కోసం చస్తావా, చవటా! ఇంట్లో ఏనాడన్నా విన్నావా నా మాట?"

"ఇంట్లో వేరు కదే" అన్నాడు ఎంబూసా.

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. అప్పుడు ముసలి బలుకు గొంతు సవరించుకున్నాడు. "నేనూ చూశానమ్మా మబ్బుని. ఉప్పు అబద్ధం చెప్పదులే అనుకున్నాను."

"నేనూ చూశాను పిన్నీ" అన్నాడు అతని వెనక ఉన్నవాడు. ఇంకొకడు తలూపాడు. ఒక్కొక్కరూ అదే మాట. కళ్లెదుట మబ్బు పెట్టుకుని పదకొండుమందీ ఆవిడ మాట మీద నీళ్లలో నిలబడ్డారు.

కాన్యేరే అందరి మొహాలూ వరసగా చూసింది. వానలో, పిడుగుల్లో కూడా ఆవిడ అంత భయపడగా నేను చూడలేదు. ఇంకే మాటా బయటికి రాకూడదన్నట్టు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని, మొగుణ్ణి కూడా మాకే వదిలేసి ఇంటికి పరుగెత్తింది.