త్సైదీ కాడల జాడీ

త్సైదీ గుమ్మం ముందు నుంచి వెళ్ళే పరాయి ఊరివాళ్ళు ముక్కు మూసుకుంటారు. షావోషింగ్‌లో పుట్టినవాళ్ళు ఆగి, మెడ సాచి ఒకసారి గట్టిగా పీల్చి, "ఈ ఏడు కాడలు బాగా ఊరాయి" అనుకుంటూ పోతారు. తోటకూరను మనిషెత్తు ఎదగనిచ్చి, ఆకు దూసేసి, బొటనవేలంత లావు కాడల్ని ముక్కలు కోసి, ఏళ్ళ తరబడి దాచుకున్న పాత ఉప్పు ఊటలో వేస్తే లోపలి గుజ్జు వెన్నలా అవుతుంది. కంపు కొడుతుంది, నిజమే. అయితే అన్నం మీదికి మనసు పోయే కంపు వేరు, కడుపులో తిప్పే కంపు వేరు. ఆ తేడా తెలియనివాళ్ళకు త్సైదీ వంటింట్లో పని లేదు. తేడా బాగా తెలిసిన తోడికోడలు షింగ్‌చెన్‌కు అసలే లేదు.

ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకే గోడ. అత్త పోయినప్పుడు ఇల్లు చెరి సగం అయింది. జాడీ మాత్రం పెద్ద కోడలిది. సారా బట్టీలో కుండలు కడిగి గోళ్ళు అరగదీసుకున్న త్సైదీకి బతుకులో దక్కిన గొప్ప అదొక్కటే. ఆ జాడీ ఉన్నచోటే ఏడో నెల నడిమి రోజున పోయిన పెద్దలకు బల్ల వేసి భోజనం పెట్టాలి. అత్తకు ఇష్టమైన కాడలు వండాలి. ఆ రుచి తప్పిన ఏడు బల్ల చిన్న కోడలింటికి మారుతుందని అత్తగారి చిన్న మరిది, ఇంటికి పెద్దదిక్కు, అందరి ముందూ చెప్పి ఉన్నాడు.

అత్త పోయిన కొత్తలో షింగ్‌చెన్ గిన్నె పట్టుకుని వచ్చింది.

"అక్కా, కాస్త ఊట పొయ్యవా?"

"దానికేం భాగ్యం, సాయంత్రం రా" అంది త్సైదీ. సాయంత్రానికి ఊటను తెర్ల కాచి, చల్లార్చి పోసింది. కాచిన ఊట చచ్చిన ఊట. షింగ్‌చెన్ కాడలు కుళ్ళి పురుగు పట్టాయి. ఆమె కాలువ అవతలి పుట్టింటికి పోయి అక్కడి ఊట తెచ్చుకుంది. ఆ పుట్టింటివాళ్ళు పడవలు తోసుకుని బతికేవాళ్ళు. అత్త వియ్యపురాలి ఇంట ఏనాడూ మంచినీళ్ళు ముట్టి ఎరగదు.

ఈ ఏడు వేసవిలో త్సైదీ పొయ్యి మీద పందికొవ్వు కరిగిస్తోంది. షింగ్‌చెన్ బట్టలు ఉతికిన నీళ్ళు గోడ కింద నుంచి ఇటు పారాయి.

"కళ్ళు దొబ్బాయా? ఇది వంటిల్లే, కాలువ రేవు కాదు!"

"నీ వంటింటి వాసనకి సబ్బు నీళ్ళు మంచివే అక్కా, ఊరికే పోస్తున్నాననుకో!"

తిట్టడానికి నోరు ఒక్కటి చాలక త్సైదీ చేతిలోని గరిటె కూడా ఊపింది. ఆ కోపంలోనే కొవ్వంటిన గరిటెను జాడీలో ముంచి ఊట తీసింది. చేసిన పని అప్పుడు చూసుకుంది. ఊటకు జిడ్డు విషం. నాలుగు రోజులు తిరిగేసరికి పైన తెల్లటి పొర కట్టి, చచ్చిన ఎలుక కంపు మొదలైంది. పెద్దల రోజు దగ్గర పడింది.

సందులో పాత ఊట ఉన్న ఇల్లు మరొక్కటే, గోడ అవతలి షింగ్‌చెన్‌ది. అడిగితే బల్ల పోతుంది. పైగా పడవవాళ్ళ ఊట. త్సైదీ ఆ రోజంతా చీపురును, పిల్లిని, మొగుడి ఫొటోను తిట్టింది. చివరికి ఎదురింటి మిన్‌ఫాంగ్‌ను పిలిచింది. సొంత జాడీ లేనివాళ్ళు ఇరుగుపొరుగు జాడీలో తమ టోఫును, అంటే సోయా జున్నును, ఒక రాత్రి నానేసుకోవడం సందులో వాడుక. మిన్‌ఫాంగ్ టోఫు ఎప్పుడూ షింగ్‌చెన్ జాడీలోనే నానుతుంది.

"నీ ముక్కలతో పాటు నావి ఈ రెండూ ఆ జాడీలో వేసి తే."

"జాడీ పెట్టుకుని నీకిదేం ఖర్మ వదినా?"

"నోరు మూసుకుని తే. నీ కోడలు నీ గురించి కొళాయి దగ్గర ఏం చెబుతోందో నేను ఎవరికైనా చెప్పానా?"

మిన్‌ఫాంగ్ నోరు మూసుకుని తెచ్చింది. త్సైదీ చెడిన ఊటను కాలువలో పారబోసి, జాడీని కడిగి ఎండబెట్టింది. ఊట పీల్చుకున్న ఆ పచ్చి టోఫును చిదిమి, కాచి చల్లార్చిన ఉప్పునీళ్ళలో కలిపి, కొత్త కాడలు వేసి మూత పెట్టింది. ఎండలు మండి కాడలు ఊరాయి. మూత తీసి వాసన చూసింది. మంచి కంపే. ఇంకెవరిదో మంచి కంపు.

పెద్దల రోజున కొవ్వొత్తులు వెలిగించి, సారా పోసి, పెద్దలు కూర్చునే పీటలు తగలకుండా అందరూ బల్ల చుట్టూ నిలబడ్డారు. దారి ఖర్చుకని కాగితపు డబ్బు కాల్చి పెద్దల్ని సాగనంపాక మనుషులు కూర్చున్నారు. అత్తగారి మరిది ముసలాయన ఒక కాడ గుజ్జు పీల్చి కళ్ళు మూసుకున్నాడు.

"అచ్చం మా వదిన చేతి రుచి! ఈ బల్ల ఇక్కడి నుంచి కదలడానికి వీల్లేదు."

షింగ్‌చెన్ ఒక కాడ తీసుకుంది. పీల్చింది. నాలుక మీద తిప్పింది. త్సైదీ చేతిలోని అన్నం తినే పుల్లలు ఆగిపోయాయి.

"నిజమే చిన్నమామయ్యా, ఇంత రుచి ఎక్కడా లేదు" అంది షింగ్‌చెన్, ఇంకొకటి తీసుకుంటూ.

గిన్నెలు తోమే దగ్గర మాత్రం పక్కకు వచ్చి నిలబడింది.

"మా అమ్మ ఊటలో ముదురు వెదురు మొలకల మొదళ్ళు వేసేది. అడుగున తీపి తగులుతుంది, చూశావా?"

త్సైదీ గిన్నెను బూడిదతో రుద్దుతూనే ఉంది.

"మన అత్త మా పుట్టింట గుక్కెడు నీళ్ళు ముట్టకుండా చచ్చింది. ఇవాళ మా అమ్మ ఊట కడుపారా తిని పోయింది. నేనెవరికీ చెప్పనులే. బల్ల నీ దగ్గరే ఉంచుకో అక్కా. ఏటా పెట్టు. ఊట కావాలంటే గిన్నె తెచ్చుకో, కాచకుండా పోస్తాను."

"నీ మొహం! ఉప్పు ఎక్కువైంది" అంది త్సైదీ.

షింగ్‌చెన్ నవ్వుకుంటూ వెళ్ళింది. త్సైదీ మిగిలిన కాడ ఒకటి నోట్లో పెట్టుకుని గుజ్జు పీల్చి, పిప్పిని గోడ అవతలికి ఉమ్మేసింది. తర్వాత అటూ ఇటూ చూసి, ఇంకొకటి తీసుకుంది.