పసుపెక్కిన ప్లేటు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను నందిగామలో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను. జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సులో వెళ్ళేదాన్ని. పెనుగంచిప్రోలు నుంచి ఆటోలో వచ్చి అదే బస్సెక్కి నా పక్కన కూర్చునేది నా స్నేహితురాలు. ల్యాబులోనూ ఇద్దరిదీ ఒకే బల్ల. మార్కులు ఆమెకే ఎక్కువ వచ్చేవి. అదెలాగో ఓర్చుకునేదాన్ని.

ఒకరోజు మా మేడమ్ గారు మానిటాల్ డబ్బా తెచ్చారు.

"చూడ్డానికి పంచదార పొడిలా ఉంటుంది. చక్కెర నుంచే తయారుచేస్తారు. తియ్యగా, నాలిక మీద చల్లగా కరుగుతుంది. మీరు మాత్రం నోట్లో వేసుకోకండి," అన్నారు.

దాన్ని బాగా ఉప్పు వేసిన ఎర్రటి అగర్‌లో, అంటే క్రిముల్ని పెంచే జెల్లీలో, కలిపి ప్లేట్లలో పోశాం. అంత ఉప్పులో చాలా క్రిములు పెరగలేవు. గడ్డలు లేపే ఒక రకం మాత్రం పెరిగి, మానిటాల్‌ని తిని ఆమ్లం వదులుతుంది. అప్పుడు ఎరుపు పసుపవుతుంది. ఎవరి ముక్కులో వాళ్ళమే దూదిపుల్ల తిప్పి ప్లేటు మీద రాశాం.

మర్నాటికి ఆమె ప్లేటు చామంతిపువ్వులా పసుపెక్కింది. నాది ఎర్రగానే ఉంది, ఓ పక్క నాలుగు తెల్లచుక్కలు. మేడమ్ గారు ఆమె ప్లేటు పట్టుకుని క్లాసంతా తిప్పి చూపించారు. ఆఖరికి ముక్కులో క్రిములు కూడా దానివే గొప్పవా!

సాయంత్రం బస్సులో ఆమె మొహం వాడిపోయి ఉంది.

"ఏమే, మా అక్క కూతురికి ఒళ్ళంతా సెగ్గడ్డలు. ఎప్పుడూ ఎత్తుకుని తిరిగేది నేనే. నా వల్లేనంటావా?"

"నాకేం తెలుసు? మేడమ్‌నే అడుగు," అన్నాను ముక్తసరిగా.

అడిగింది. "ఇది చాలామంది ముక్కుల్లో ఊరికే ఉంటుందమ్మా. నీ తప్పేం లేదు," అని మేడమ్ గారు స్వయంగా ఆమెనీ పాపనీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. డాక్టరు పాపకి మందులు, ఆమెకి ముక్కులో రాసుకునే ఆయింట్‌మెంటు ఇచ్చారు. కొన్నాళ్ళకి పాప గడ్డలు మానాయి. మళ్ళీ పరీక్ష చేస్తే ఆమె ప్లేటు ఎర్రగానే ఉండిపోయింది. ల్యాబులోనే నన్ను వాటేసుకుని ఏడ్చేసింది. పాప కోలుకున్నందుకు నేనూ నిజంగానే సంతోషించాను.

కానీ ఆ ఆదివారం మేడమ్ గారు పెనుగంచిప్రోలు వెళ్ళి, వాళ్ళింట్లో భోంచేసి, పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారని తెలిసింది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. మూడేళ్ళలో మా ఇంటి గడప ఒక్కసారైనా తొక్కలేదావిడ.