గేట్లు తెరవకముందే చేరిన మా పాటల టీచరమ్మ

మా పాటల టీచరమ్మ ఇక లేరన్న సంగతి నాకు సింహాద్రిపురం బడిలో, పొద్దున ప్రార్థన జరుగుతుండగా తెలిసింది. పిల్లలు వరుసల్లో నిలబడి పాడుతున్నారు. ఫోన్ మోగితే పక్కకు వచ్చి ఎత్తాను. జమ్మలమడుగులో టీచరమ్మ పక్కింట్లో ఉండే టైలర్ భాయ్ మాట్లాడాడు.

"అమ్మా, పొద్దున్నే మా ఇంటామె టీ తీసుకోనిపోతే టీచరమ్మ లెయ్యలేదు. నేను పోయి చూస్తే నిద్దర్లోనే పోయిండాది. గోడమింద నీ నంబరు పెద్దగా రాసి పెట్టుకోనుండాది. అందుకే ముందు నీకు చేస్తాండా."

నేను తిరిగి వచ్చేసరికి పిల్లలు మూడో చరణంలో శ్రుతి తప్పారు. సరిచేయకుండా చివరిదాకా అలాగే పాడనిచ్చాను.

ఆమె జమ్మలమడుగు మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లకు పైగా పాటలూ లెక్కలూ చెప్పారు. ఆదివారం చర్చిలో పాడే బృందాన్ని నడిపిందీ ఆమే. పెళ్లి చేసుకోలేదు. అక్క పిల్లలు వీరపునాయునిపల్లెలో ఉండేవాళ్లు, అప్పుడప్పుడు వచ్చిపోయేవాళ్లు. ఆరో తరగతిలో నన్ను పాటల వరుసలో నిలబెట్టింది టీచరమ్మే. నేను టీచరునై పులివెందులలో కాపురం పెట్టాక కూడా నెలకో ఆదివారం ఆమె ఇంటికి వెళ్లి, భోంచేసి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని.

ఎక్కడికి వెళ్లాలన్నా గంట ముందు చేరడం ఆమె అలవాటు. ఆరాధన పదింటికైతే తొమ్మిదికే ఖాళీ చర్చిలో కూర్చుని హార్మోనియం మెట్లు రుమాలుతో తుడుస్తూ ఉండేవారు. "ఆలస్యంగా వచ్చినోళ్లకు పాట దొరకదు పాపా, ముందరోళ్ల వీపులే దొరుకుతాయి" అనేవారు.

రిటైరైన కొన్నాళ్లకు ఆమెకు వినికిడి తగ్గింది. మొదట్లో మేమే గొంతు దాచుకుంటున్నామనుకుని, "గట్టిగా పాడండి, అన్నం తినలేదా?" అని కసురుకునేవారు. అసలు సంగతి చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఒక ఆదివారం ఆమె పాస్టరుగారు చెప్పిన కీర్తనకు బదులు ఇంకో కీర్తన శ్రుతి ఎత్తుకున్నారు. మేము పాడలేక ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆమె తల ఎత్తి మమ్మల్ని చూశారు. హార్మోనియం మూసి, గుడ్డ కప్పి, తాళంచెవి పాస్టరుగారి చేతిలో పెట్టి వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదు.

కొన్నేళ్లు చెవిలో మిషన్ పెట్టుకున్నారు. తర్వాత దానితోనూ లాభం లేకపోయింది. ఒక చిన్న నోటుబుక్కూ పెన్సిలూ చేతిసంచిలో వేసుకుని తిరిగేవారు. చెప్పాలనుకున్నది మేము అందులో రాయాలి. "చెవులు ముసలివైనాయి గానీ నేనింకా కాలేదు" అని నవ్వేవారు.

పోయిన చలికాలం ఒక ఆదివారం అన్నం పెడుతూ నా కంచం పక్కన ఒక పేపరు ముక్క పెట్టారు. ప్రొద్దుటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ మైదానంలో బెంగళూరు రాక్ బ్యాండు కచేరీ అని వార్త. ఫొటోలో డ్రమ్ముల వెనక గడ్డం పెంచిన మనిషి. ఊరు తొండూరు, చదివింది జమ్మలమడుగు హాస్టల్లో ఉండి అని కింద రాసి ఉంది.

"వీన్ని గుర్తుపట్టినావా?"

గుర్తుపట్టాను. బడిలో నాకంటే రెండు తరగతులు కింద. క్రిస్మస్ పాటల సాధన జరుగుతున్న రోజుల్లో, అందరం కళ్లు మూసుకుని మౌన ప్రార్థనలో ఉండగా, వాడు రెండు చేతులతో బెంచీ మీద దరువు వేశాడు. టీచరమ్మ వెళ్లి చెంప పగలగొట్టారు. నలభైమంది ముందర, "ఈ చేతులు దేవుని పనికి పనికిరావు, పో బయటికి" అన్నారు. వాడు వెళ్లిపోయాడు. మళ్లీ పాటలకు రాలేదు. మరుసటి ఏడు హాస్టల్లో కూడా లేడు.

"కొట్టింది కొట్టినా. ఆ మాట ఎందుకన్నా పాపా? వానికి పన్నెండేండ్లు." ఆమె కంచం ముందు చాలాసేపు అన్నం కలుపుతూనే ఉన్నారు. "వాని కచేరీకి పోదాం."

నోటుబుక్కు తీసుకున్నాను. పెన్సిలు పెట్టకముందే నా మొహం చూసి ఆమే అన్నారు: "వినపడకపోతే ఏమి? నేను వానికి కనపడ్తా కదా."

ఆ పది రోజులూ ఆమె పరీక్షకు చదివే పిల్లలా తయారయ్యారు. ముందు వరుసలో కుర్చీలుండవని, నిలబడే చూడాలని నేను రాసి చూపించాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు. అయినా రోజూ సాయంత్రం వసారాలో కటకటాలు పట్టుకుని నిలబడడం సాధన చేశారు. మొదటి రోజు పావుగంట, వారం గడిచేసరికి గంటన్నర. పక్కింటి భాయ్ నాకు ఫోన్ చేసి, "టీచరమ్మ జైల్లో ఉన్నట్ల కటకటాలు పట్టుకోని నిలబడుకుంటాందమ్మా, ఏంది కత?" అని అడిగాడు. చెబితే చాలాసేపు నవ్వాడు. ఆ సాయంత్రమే ఆమె రవికె కుట్టడానికి కొలత తీసుకున్నాడట. అలాంటి కచేరీకి అందరూ నల్లబట్టలు వేసుకొస్తారని ఎవరో చెప్పారామెకు. ఆమె దగ్గర ఉన్నవన్నీ తెల్లచీరలే. నేరేడుపండు రంగు చీర ఒకటి కొన్నారు. కాళ్లకు బడిపిల్లలు వేసుకునే గుడ్డ బూట్లు.

కచేరీ సాయంత్రం ఐదున్నరకు, గేట్లు తెరిచేది నాలుగింటికి. మేమిద్దరం రెండింటికే అక్కడున్నాం. గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏంది పెద్దమ్మా, దోవ తప్పి వచ్చినారా? ఈడ పాటల కచేరీ."

ఆమెకు వినపడలేదు. కానీ అతను ఏమడిగి ఉంటాడో ఊహించుకుని గట్టిగా జవాబిచ్చారు: "ముందర జాగా కావల్లప్పా, అందుకే బిన్నే, రెండు గంటల ముందే వచ్చినాం!"

లోపలికి తిండి తీసుకుపోనివ్వరని తెలిసి, తెచ్చిన చిత్రాన్నం అక్కడే గోడ నీడన విప్పాం. అతనికీ ఒక ఆకులో పెట్టారు. అతను లోపలికి వెళ్లి ఒక కుర్చీ తెచ్చి వేశాడు. మెల్లగా మా వెనక వరుస పెరిగింది. నల్ల టీషర్టులు వేసుకున్న కాలేజీ ఆడపిల్లలు ఆమెతో ఫొటోలు దిగుతామన్నారు. ఫొటోలో కళ్లు మూసుకోవడం ఆమెకు మొదటి నుంచీ ఉన్న జబ్బు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడదామంటే వినపడదు. అందుకని నేను చెయ్యి పైకెత్తి, వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ ఫొటో తీశాను. గేటు ముందర ఒకటి, పోస్టరు పక్కన ఒకటి, ఆ ఆడపిల్లల చలవ కళ్లద్దాలు పెట్టుకుని ఒకటి. ప్రతిదీ ఫోన్ లాక్కుని చూసుకుని, "ఇది బాగలేదు, మల్ల తియ్యి" అనేవారు. అంత సంతోషంగా ఆమెను నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

గేట్లు తెరవగానే వెళ్లి వేదిక ముందరి ఇనుప కంచె పట్టుకున్నాం. వేదిక మీద వాయిద్యాలు సరిచూసుకుంటున్నారు. పేపరు ఫొటోలోని ఆ గడ్డం మనిషి డ్రమ్ముల దగ్గర వంగి ఏదో బిగిస్తున్నాడు. తల ఎత్తి ఇటు చూశాడు. మళ్లీ వంగాడు. మళ్లీ చూశాడు. స్పానర్ కింద పెట్టి, వేదిక దిగి, కంచెకు అవతలివైపు వచ్చి నిలబడ్డాడు.

"టీచర్" అన్నాడు.

వినపడనివాళ్లకు తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. చెవిలో చెప్పాలనుకున్న మాటను ఆమె మైదానమంతా వినపడేలా అన్నారు.

"నిన్ను కొట్టినానప్పా నేను! అనరాని మాట అన్నా. తప్పు చేసినా. ఆ మాట చెప్పల్లనే వచ్చినా!"

గిటారు సరిచూసుకుంటున్నవాడు ఆపేశాడు. వరుసలో పిల్లలు మాటలు ఆపారు. అతని మొహం ఎర్రబడింది. ఏదో అనబోయి, నేను నోటుబుక్కు తెరవడం చూసి ఆమెకు వినపడదని అర్థమై నా వైపు తిరిగాడు.

"నాకేం గుర్తులేదని చెప్పక్కా."

నోటుబుక్కులో రాసి చూపించాను. ఆమె చదివారు. అతని మొహంలోకి చూశారు. "గుర్తులేదా?" అని, కంచె మీదుగా చెయ్యి చాచి అతని గడ్డం పట్టుకుని ఊపారు. అతను వంగి నిలబడ్డాడు. ఆ ఫొటో కూడా తీశాను. అందులో మాత్రం ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.

కచేరీ మొదలయ్యాక రెండు అరచేతులూ ఇనుప కంచెకు ఆనించి నిలబడ్డారు. మొదటి దెబ్బ పడగానే ఉలిక్కిపడి నా వైపు తిరిగారు. "వస్తాండాది పాపా, చేతుల్లోకి వస్తాండాది!" అన్నారు. బూట్లు విప్పేసి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడ్డారు. మూడో పాటలో మొహం చిట్లించి, "తొందరపడ్తాండాడు" అన్నారు. నిజమే, అతను తాళం పరిగెత్తిస్తున్నాడు. వేలితో కంచె మీద లెక్క చూపించారు. అతను చూశాడో లేదో తెలియదు. చివరిదాకా నిలబడ్డారు. ఒక్కసారి కూడా కూర్చుంటాననలేదు.

మరునాడు పొద్దున ఆమె ఇంట్లో కాఫీ తాగుతుండగా అన్నారు: "వాడు అబద్ధం చెప్పినాడు పాపా. వానికి అంతా గుర్తుంది. నాకు వినపడదు గానీ కనపడ్తాది కదా."

మరి అడగలేదేమని రాశాను.

"వాడు చెప్పుకున్నప్పుడు చెప్పుకుంటాడు. తొందరపెట్టగూడదు."

తర్వాత ఆరేడు నెలలే ఉన్నారు. అతని నుంచి ఏ కబురూ రాలేదు. అతని ప్రస్తావన ఆమె మళ్లీ తేలేదు. వాకిట్లో బండి చప్పుడైతే వినపడదు గనక, వసారాలో వీధికి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చోవడం మాత్రం అలవాటు చేసుకున్నారు.

ఆమె పోయిన రోజు బెంగళూరుకు కబురు పంపింది నేనే. మరునాడు మధ్యాహ్నానికి అతను వచ్చాడు. చర్చి బయట కట్టిన బ్యానర్ మీద ఆమె బొమ్మ ఉంది. కచేరీ రోజున నేను తీసిన ఫొటోలోంచి ఆమెను మాత్రం కత్తిరించి వేశారు. బ్యానర్ అంచున ఆమె చెయ్యి ఎవరి గడ్డాన్నో పట్టుకున్నట్టు ముందుకు చాచి ఆగిపోయింది. అతను దాని ముందు నిలబడ్డాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"ఆ పొద్దు అబద్ధం చెప్పినానక్కా. ఏ బెంచీనో, ఆమె ఏ చీర కట్టుకోనుండెనో కూడా గుర్తుంది. శానా ఏండ్లు కోపంగానే ఉంటి. ఆమె అందరి ముందర అట్ల అనేసరికి, పర్లేదు టీచర్ అనేకి నాకు నోరు రాలేదు. గుర్తులేదంటే ఇంగ క్షమించే పని ఉండదు కదా అని అనేసినా." బ్యానర్ అంచు సరిచేశాడు. "మల్ల ఎప్పుడో కోపం పోయింది. ఎప్పుడు పోయిందో తెల్దు. వచ్చి చెబ్దాంలే అనుకుంటానే ఉండిపోతి. ఆమె నమ్మిందా అక్కా, నేను చెప్పింది?"

నమ్మిందని చెప్పి ఉండవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ లెక్కలు చెప్పిన మనిషి ఆమె. తప్పు లెక్కకు సరి గుర్తు పెడితే ఒప్పుకునేవారు కాదు.

"నమ్మలేదప్పా. మరుసటి దినమే చెప్పింది నాకు. నువ్వు చెప్పుకునేదాకా తొందరపెట్టగూడదనింది."

అతను తల ఊపాడు. చాలాసేపు అలాగే ఊపుతూ ఉన్నాడు.

సమాధుల దగ్గర మా బృందం పాడింది. పెట్టె గుంతలోకి దించారు. పాస్టరుగారు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరూ వెళ్లి పిడికెడు మన్ను వేశారు. ఎర్రమట్టి గడ్డలు పెట్టె మీద పడి చప్పుడయ్యాయి. అందరి తర్వాత అతను వెళ్లాడు. మన్ను తీసుకుని, అరచేతుల మధ్య గడ్డలన్నీ నలిపి మెత్తగా చేశాడు. గుంత అంచున బోర్లా పడుకున్నాడు. రెండు చేతులూ లోపలికి, అందినంత కిందికి చాచి, వేళ్ల సందుల్లోంచి ఆ మన్నును కొంచెం కొంచెంగా, చప్పుడు కాకుండా వదిలాడు.