వానాకాలం మంచినీళ్ళ కుండ

మొన్న సాయంత్రం మా పేట సంఘం కుర్రాళ్ళు ఇంటికి వచ్చి, పేట మొదట్లో స్వాగత తోరణం కడుతున్నామనీ, దానికి అడ్డంగా ఉన్న మా మంచినీళ్ళ కుండను ఆదివారం తీసేస్తామనీ ఎంతో మర్యాదగా చెప్పారు. "ఈ రోజుల్లో కుండలో నీళ్ళు ఎవరు తాగుతారండీ మామ్మగారూ? అందరి చేతుల్లోనూ సీసాలే కదండీ" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. నాకు ఒళ్ళు మండింది. తాగేవాళ్ళు లేకపోవడం ఆ కుండకు కొత్తేమీ కాదు.

మాది పాలకొల్లులో బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్ళ పేట. తరతరాలుగా అక్కడ బతికి, బతకనివ్వని రోజులు వచ్చాక ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళం. రంగూన్‌లో మమ్మల్ని పరాయివాళ్ళన్నారు. ఇక్కడికొస్తే, లుంగీలు కట్టుకుని బుగ్గలకు చెట్టుబెరడు గంధం పూసుకునే మా ఆడవాళ్ళను చూసి, మీరేం తెలుగువాళ్ళన్నారు.

దారిన పోయేవాళ్ళ కోసం ఏడాది పొడుగునా ఇంటి ముందు మంచినీళ్ళు పెట్టడం బర్మాలో ఆనవాయితీ. పేటలో మొదటి ఇల్లు మాదే కాబట్టి, వచ్చిన వారంలోనే నాయనమ్మ మా నాన్నచేత చెక్కగూడు కట్టించి కుండ పెట్టేసింది. అది శ్రావణమాసం. కాలవలు పొంగి, చేలు మునిగి, చూరులు కారుతున్న రోజుల్లో చలివేంద్రం పెట్టిన మనిషిని చూసి ఊరు ఊరంతా నవ్వింది. నవ్వి ఊరుకున్నా బాగుండేది, ఏ కులమో తెలియనివాళ్ళ నీళ్ళు ముట్టుకోవద్దని పిల్లలకు మరీ మరీ చెప్పుకున్నారు.

నాయనమ్మ మాత్రం రోజూ పొద్దున్నే, ఎవరూ ముట్టని నీళ్ళు కాకరపాదుకు పోసి, కుండ తోమి, ఇండుపగింజ అరగదీసి తేర్చిన నీళ్ళు మళ్ళీ నింపేది. బిందె మోయలేక, ఎవరికోసం ఈ చాకిరీ అని నేను ఏడిస్తే, "తాగడం వాళ్ళ ఇష్టం. పెట్టడం మన ఇష్టం. నువ్వు బిందె ఎత్తు" అంది. ఎండాకాలంలో కూడా జనం మా కుండ దాటిపోయి, అవతలి వీధి చలివేంద్రం దగ్గర ఆగినప్పుడు మాత్రం ఆవిడ మొహం చిన్నబోయేది.

మళ్ళీ వానలు పడ్డాక, నరసాపురం రైలు దిగి చేపలతట్టతో తడుస్తూ వచ్చిన ఒకావిడ గూడు కింద ఆగి, గటగటా తాగేసి, "ఇంకో గ్లాసు తాగొచ్చాండీ?" అని అడిగింది. కుండంతా తాగమంది నాయనమ్మ. ఓడ మీద తాతయ్య పోయినప్పుడు కూడా మా ముందు ఏడవని మనిషి, లోపలికి వచ్చి నా భుజం పట్టుకుని ఏడ్చేసింది. మర్నాటి నుంచి చేపలమ్మేవాళ్ళంతా ఆగారు. వాళ్ళ వెనక, మొహమాటపడుతూ, ఒక్కొక్కరే మిగతా ఊరూ ఆగింది.

ఆ రోజుల్లో ఇవి మా నీళ్ళు కాబట్టి తాగలేదు. ఇప్పుడు ఎవరి నీళ్ళూ ఎవరికీ అక్కర్లేదు. తెలియని గుమ్మం ముందు నిలబడి దాహం అడగడం, ఆ కాస్త మాటతో చుట్టరికం కలవడం, నా ఈడువాళ్ళకే గుర్తుండి ఉంటుంది. తోరణం మీద స్వాగతమని రాస్తారట, గ్లాసుడు నీళ్ళు పెట్టకుండా!

ఆదివారం రమ్మనండి. పొద్దున్నే కొత్త కుండ నింపి, గూడు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. ఎండన పడి వచ్చే పిల్లల్ని, ముందు తలో గ్లాసూ తాగి, ఆ తర్వాత చెయ్యి వెయ్యమంటాను.