మిరప చేతులు ముట్టిన ఈతాకు

పోయిన వారం నర్సంపేటలో మా యారాలి ఇంట్లో పొద్దున్నే ఒక ఫోను మీద నాకు కుళ్ళు పుట్టింది. చెబితే నవ్వుతారని తెలుసు. రాయడం నాకు ఇదే మొదటిసారి, చదివింది ఐదో తరగతి, అది కూడా సగమే, కాబట్టి తప్పులుంటే నా ఈడు వాళ్ళు సర్దుకుని చదువుకోండి.

యారాలంటే మా మరిది భార్య. ఆమెకు కంటి ఆపరేషన్ అయిందని, కొన్నాళ్ళు చదవొద్దన్నారని తెలియగానే నేను చీరలకంటే ముందు బైబిలు సంచిలో పెట్టుకుని వరంగల్‌లో బస్సెక్కాను. ఇన్నేళ్ళకు ఆమెకు నేను చదివి వినిపించే వంతు వచ్చిందని లోపల్లోపల సంబరం. తెల్లవారి ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆమె కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది, దిండు పక్కన ఫోను వాక్యం చదువుతోంది. ఆగడం లేదు, తడబడడం లేదు, దగ్గడం లేదు. నా బైబిలు సంచిలోనే ఉండిపోయింది.

ఆ కుళ్ళు కొత్తది కాదు, దానికి నలభై ఏళ్ళ పైనే ఉంటాయి.

కాశిబుగ్గ ఇంటికి నేను పెద్ద కోడలిగా వచ్చేనాటికే మా అత్తమ్మ కళ్ళకు పొరలు కమ్మాయి. మనిషి మాత్రం చీకటితోనే లేచి కూర్చునేది, వాక్యం విని ప్రార్థన చేసుకోనిదే చాయ్ గుక్క కూడా ముట్టేది కాదు. మామ చిన్న వయసులోనే చనిపోతే మిర్చి తొడిమలు తీసి ఇద్దరు కొడుకులను పెంచింది, ఆ బలం ఎక్కడిదని ఎవరడిగినా పొద్దుటి అధ్యాయంలోదే అనేది. రోజుకొక అధ్యాయం, బైబిలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, అయిపోతే మళ్ళీ మొదటికి. ఎక్కడి దాకా వచ్చామో గుర్తుకు మట్టల ఆదివారం నాడు చర్చిలో ఇచ్చిన ఈతాకు ముక్క ఒకటి పెట్టేవాళ్ళం. చదువుతున్నంత సేపూ ఆ ఆకు ఆమె వేళ్ళ మధ్యనే ఉండేది.

వచ్చిన కొత్తలో నన్ను కూడా ఒకసారి చదవమంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రెండు వచనాలు దాటేసరికి నాకు చెమటలు పట్టాయి. ఆమె ఓపిగ్గా విని, పోనీలే బిడ్డా, నల్లాలో నీళ్ళు వచ్చినట్టున్నాయి చూడు అంది. అప్పటి నుంచి మా మరిదే చదివేవాడు. రెండేళ్ళకు అతని పెళ్ళయి, పది పాసయిన యారాలు వచ్చింది, ఇక బైబిలు ఆమె ఒళ్ళోకి పోయింది. ఆమె చదివితే అత్తమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారేవి. నేను ఎంత మంచి పప్పు చేసినా రాని నీళ్ళు అవి.

మా వాడకు నల్లా నీళ్ళు సరిగ్గా ఆ వేళకే వచ్చి గంటలో బందయ్యేవి. అందుకని వాళ్ళిద్దరూ లోపల వాక్యం దగ్గర, నేను బయట బిందెల దగ్గర. బిందెలో నీళ్ళు పడే చప్పుడుకు నాకేమీ వినిపించేది కాదు, అన్నీ నిండేసరికి ఆమేన్ ఒక్కటి వినిపించేది. పక్కింటి వదిన ఊరుకునేదా!

"ఏందే పిల్లా, చిన్న కోడలికి బైబిలు, పెద్ద కోడలికి బిందెలా?"

నవ్వేదాన్ని గాని, ఆ మాట రోజంతా పంటి కింద రాయిలాగా ఉండేది.

ఇంట్లో మిర్చి పనికి పోయేది అప్పుడు నేనొక్కదాన్నే, యారాలు ఇంట్లోనే మిషను కుట్టేది. ఒక సాయంత్రం పని నుంచి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు, గూట్లో బైబిలు ఉంది. కొన్ని పేజీలు ముందుకు పోతే వట్టి పేర్లే ఉండే అధ్యాయాలు వస్తాయని, అవి పెద్ద చదువుల వాళ్ళకు కూడా నోరు తిరగవని చర్చిలో విన్నాను. ఈతాకు తీసి అక్కడ పెట్టాను. ఎవరైనా వస్తారేమోనన్న భయంలో చేతులు కడుక్కోవడం కూడా మరిచాను.

మర్నాడు నల్లా సన్నగా తిప్పుకుని చెవి లోపలికి పెట్టాను. యారాలు మూడో పేరుకు ఆగింది, ఐదో పేరుకు దగ్గింది, పదో పేరు దగ్గర పూర్తిగా ఆగిపోయింది. నా కడుపు చల్లబడింది. అంతలో ప్రార్థన మొదలైంది, అత్తమ్మ ఎప్పటిలాగే ఏడ్చి, ఆకు పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత వినిపించింది ఆమేన్ కాదు, కేక.

బిందె వదిలేసి ఉరికాను. మంటకు ఆమె గిలగిలలాడుతుంటే ఇద్దరం నీళ్ళు కొట్టాం. యారాలు ఆకు వాసన చూసి, అక్కా, మిరపకాయ ఘాటు అని నా వైపు చూసింది. అత్తమ్మ ముఖం తడితోనే చెయ్యి చాపింది.

"పెద్దదానా, ఇటు రా. నీ చెయ్యి తే."

నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇక పుట్టింటికి పంపేస్తుందనుకున్నాను.

"ఏం జేసినవే?"

చెప్పేశాను.

"చిన్నది తడబడ్తే నీకు నిమ్మలమైందా?"

"అయింది అత్తమ్మా," అని నోరు జారింది. యారాలు పకపకా నవ్వేసింది.

"అయితే రేపటిసంది గా పేర్లన్నీ నువ్వే చదువు. చిన్నది నల్లా కాడికి పోతది. ముందుగాల చేతులు సబ్బుతోటి కడుక్కో."

శిక్ష అలా మొదలైంది. ఒక్కో అధ్యాయానికి నాలుగైదు పొద్దులు పట్టేవి. నిండిన బిందె చంకనెత్తుకుని వస్తూ యారాలు, "నల్లా బందైంది గని నీ అధ్యాయం ఒడువలేదు గదా అక్కా," అని ఎత్తిపొడిచేది. అయితే ఆ పేర్లు ఎవరికీ తెలిసినవి కావు, పదో తరగతి చదివినా ఐదో తరగతి చదివినా అక్కడ అందరి నోరూ ఒక్కటే. నాకు చదవడం పట్టుబడింది అక్కడే. పనిలో కూర్చున్నప్పుడు తొడిమకొక పేరు చొప్పున గొణుక్కునేదాన్ని, చేతులు మండుతున్నా మనసుకు ధైర్యంగా ఉండేది. ఎవరూ తలుచుకోని ఇంతమంది పేర్లు దేవుడు రాసిపెట్టుకున్నాడంటే, బిందెల దగ్గర నిలబడ్డ నా పేరు కూడా ఎక్కడో ఉండే ఉంటుందనిపించేది.

పేర్లు అయిపోయిన మర్నాడే బైబిలు మళ్ళీ యారాలి ఒళ్ళోకి పోయింది. మొదటి ఆ ఒక్కసారి పోను, శిక్షగా తప్ప అత్తమ్మ ముచ్చటపడి నన్ను చదవమనలేదని ఇప్పటికీ బాధే. అత్తమ్మ చివరి పొద్దుల్లో కూడా చదివింది యారాలే. అప్పుడు అత్తమ్మ చేతిలో ఆకు లేదు, నా చెయ్యి ఉంది. అయినా నా బుద్ధి చూడండి, చెయ్యి నా దగ్గరున్నా చెవి యారాలి దగ్గరుందని కుళ్ళుకున్నాను.

ఆ ఈతాకు ఇప్పుడు నా బైబిల్లోనే ఉంది. నర్సంపేటలో ఫోను గడగడా చదివేస్తుంటే ఉండబట్టలేక దాన్ని తీసి యారాలి చేతిలో పెట్టాను. ఆమె తడిమి చూసింది, నవ్వింది.

"చేతులు కడుక్కున్నవా అక్కా?"

"రెండుసార్లు కడుక్కున్న."

"అయితే ఫోను బంద్ చెయ్. జర నువ్వే చదువు. నీ పేర్లే చదువు."

చదివాను. ఏడో పేరు దగ్గర ఆగాను, ఆమె తొందరపెట్టలేదు. నేను తిరిగి ఎక్కాల్సిన పది గంటల బస్సు పోయింది గాని అధ్యాయం ఒడవలేదు.

ఇంటికి వచ్చిన మర్నాడు ఫోను చేసి అడిగితే, యారాలికి మళ్ళీ ఆ ఫోనే చదివి వినిపిస్తోందట. దాన్ని ఏమనగలను? ఎక్కడ ఆగిందో దానికదే గుర్తుంచుకుంటుంది, ఆకు అక్కర్లేదు, కుళ్ళుతో జరిపేవాళ్ళూ ఉండరు. ఇప్పుడు మా ఇంట్లో కూడా ట్యాంకు నీళ్ళు రోజంతా వస్తాయి, వాక్యం వేళకు నన్ను బయటికి పిలిచే నల్లా లేదు. పొద్దున్నే ఒక్కదాన్నే కూర్చుని, ఎవరూ తొందరపెట్టకుండా, ఎవరూ వినకుండా చదువుకుంటున్నాను. నా చేతులకు మిరప వాసన పోయి చాలా ఏళ్ళైంది. అయినా చేతులు కడుక్కున్నావా అని అడిగే మనిషి ఈ భూమ్మీద ఇంకా ఒక్కతే ఉంది. ఆమెను ఆ ఫోను దగ్గర వదిలి వచ్చాను.