బండ ఎక్కిన బండి

మేడ్చల్ బస్టాండుకు కొంచెం అవతల బిందు, వీరేందర్ దంపతుల నేమ్ బోర్డుల షాపు ఉంది. ఊరంతా తిరిగి ఆర్డర్లు తెచ్చేది వీరేందర్. కంప్యూటర్ మీద అక్షరాలు గీసి, కటింగ్ మెషీన్ మీద అల్యూమినియం రేకునో యాక్రిలిక్ షీటునో బిగించి కోసేది బిందు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె చేతుల మీదుగా ఎన్ని ఆసుపత్రుల పేర్లు, టిఫిన్ సెంటర్ల పేర్లు వెళ్లాయో చెప్పలేం. పనికి లోటు లేదు. అయితే షాపు షట్టర్ ఎప్పుడు లేపుదామా అని ఆమె ఏ పొద్దునా ఉవ్విళ్లూరిందీ లేదు.

కొంపల్లి నుంచి శ్రీదివ్య తన విల్లాకు పేరు బోర్డు చేయించుకోవడానికి వచ్చాక ఆ సంగతి మారిపోయింది. కొలతలు చెప్పి, పాత బోర్డు చూపిద్దామని ఆమె కారు డిక్కీ తెరిచింది. పాత బోర్డు పక్కన మూరెడు పొడవున్న జీపు లాంటి బండి. చక్రాలు మాత్రం ఒంటికి మించి ఉన్నాయి.

"గిదేంది మేడం, పిల్లల బొమ్మనా?" అడిగింది బిందు.

"పిల్లలది కాదండీ, నాదే. రిమోట్‌తో నడుస్తుంది. రాళ్లెక్కుతుంది. చూస్తారా?"

షాపు పక్కన గ్రానైట్ ముక్కలు కుప్పగా పడి ఉన్నాయి. శ్రీదివ్య బండిని దాని ముందు పెట్టి రిమోట్ నొక్కింది. దుమికి పరుగెడుతుందనుకుంది బిందు. అది దుమకలేదు. మేక కాలు మోపే చోటు వెతుక్కున్నట్టు ఒక్కో చక్రాన్నీ ఒక్కో రాయికి ఆనించి, ఒళ్లంతా మెలితిప్పుకుంటూ, నిదానంగా కుప్ప పైకి ఎక్కి నిలబడింది. బిందు గుండె ఝల్లుమంది.

"నాగ్గూడ గిసొంటిది ఒకటి గావాలె మేడం!"

శ్రీదివ్య నవ్వి, తన దగ్గర వాడకుండా పడి ఉన్న పాత బండిని మరునాడే తెచ్చిచ్చింది. "ఆదివారం శామీర్‌పేట రండి. చెరువు అవతల బండల దగ్గర మా వాళ్లందరం కలుస్తాం. మేడం అనకండి, దివ్య అనండి చాలు."

వీరేందర్ ఆ బండిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "షాపుకు ట్రాలీ ఆటో కొందామంటె వద్దంటివి. గిప్పుడు గీ బొమ్మ లారీ ఏందే?"

"నువ్వు గూడ రా, సూద్దువు," అంది బిందు.

ఆదివారం ఇద్దరూ శామీర్‌పేట వెళ్లారు. ఆ గుంపుకు పెద్ద, అల్వాల్‌లో ఉండే హేమచంద్ అనే రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి. బండల మీద జతలు జతలుగా పుల్లలు నిలబెట్టి దారికి గుర్తులు పెట్టేది ఆయనే. బండి పుల్లల నడుమ నుంచి పోవాలి. పుల్లకు తగిలినా, బండిని చేత్తో ముట్టినా మార్కులు పోతాయి. అక్కడున్న ఒక నున్నటి బండకు వాళ్లు ఏనుగు బండ అని పేరు పెట్టుకున్నారు. అప్పటిదాకా ఎవరి బండీ దాన్ని ఎక్కలేదు. బిందు బండి సగం దాకా పోయి, ముందు చక్రాలు గాల్లోకి లేపి, వెనక్కి వెల్లకిలా పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది.

"దీంతో అంతేనండీ," అంది శ్రీదివ్య. "కంపెనీ చాసిస్ ఎత్తుగా ఉంటుంది. బరువంతా వెనక్కే లాగుతుంది."

"అయితే చాసిసే మారుద్దాం! రేకే గదా, మన మిషన్ మీద కోస్త!"

ఆ మాట అనేసరికే ఆమెకు కళ్ల ముందు ఆకారం కదిలింది. ఇంటికి వస్తూ, స్కూటర్ వెనక కూర్చుని, వీరేందర్ వీపు మీద వేలితో గీతలు గీసింది. "చక్కిలిగిలి పెట్టకు, బండి నడుపుతున్న!" అని అతను అరుస్తున్నా ఆపలేదు.

ముందు అట్టతో చేసింది. చాసిస్ అంటే బండికి వెన్నెముక. రెండు పక్క పలకలు, వాటి మధ్య ఒక అడుగు పలక. ఇరుసులు, మోటారు, బ్యాటరీ అన్నీ వాటికే వేలాడతాయి. బ్యాటరీని పైనుంచి తీసి కిందికి, ముందు ఇరుసు దగ్గరికి జరిపింది. రాయి పొట్టకు తగిలి ఇరుక్కోకుండా, పలకల కింది అంచును నడుమ పైకి విల్లులా వంచి గీసింది. ఆ వంపు గీస్తుంటే 'ఠ' గుండ్రం గీస్తున్నట్టే ఉందని ఆమెకు నవ్వొచ్చింది. అట్ట మీద సరిపోయాక పచ్చ యాక్రిలిక్‌తో కోసింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కానీ గ్రానైట్ కుప్ప మీద మొదటిసారి పడగానే ఫట్టున పగిలింది.

"పాయె!" అన్నాడు వీరేందర్.

"పోతె పోనీ! ఏడ పగిలిందో సూడు. స్క్రూ బొక్క అంచుకు మరీ దగ్గరుంది. గా బొక్క లోపలికి జరపాలె!" పగిలిన ముక్కను నిధి దొరికినట్టు పట్టుకుని గెంతింది బిందు.

ఈసారి మందపాటి అల్యూమినియం. మెషీన్ కింద రేకు నుంచి తళతళలాడే రజను లేస్తుంటే పక్కనుంచి కదల్లేదు. ఆర్డరు కోసం వచ్చిన మనిషిని "జర కూసోన్రి" అని కుర్చీ చూపించి మళ్లీ మెషీన్ వైపే తిరిగింది. అన్నీ బిగించి చక్రాలు పూర్తిగా తిప్పితే టైరు పలకకు రాసుకుంది. ఆ సంగతే మరిచిపోయింది! వీరేందర్ తనే ఆకురాయి తెచ్చి, ఆమె గుర్తు పెట్టినంత మేర అరగదీశాడు. అప్పటికి అతనికీ పిచ్చి పట్టింది. "వెనక ఇంక బరువు తగ్గిద్దామా?" అని అన్నం తింటూ అడిగాడు.

ఆ తర్వాతి ఆదివారం గుంపులో పోటీ పెట్టుకున్నారు. శామీర్‌పేట బండల మీద ఎండ అప్పుడే పడుతోంది. మొదటి దారిలోనే బిందు తొందరపడి రెండు పుల్లలు పడగొట్టింది. హేమచంద్ కాగితం మీద గీత పెడుతూ, "నిదానం అమ్మా, ఇది రేసు కాదు," అన్నాడు.

చివరిది ఏనుగు బండ. ఆమెకన్నా ముందు వెళ్లినవాళ్లంతా జారిపోయారు. శ్రీదివ్య బండి కూడా సగంలో పక్కకు దొర్లింది. బిందు రిమోట్ పట్టుకుని బండ పక్కనే గొంతుక్కూర్చుంది. బండి కదిలింది. నున్నటి భాగం దాటింది. వెల్లకిలా పడే చోటుకు వచ్చేసరికి ఎడమ ముందు చక్రం గాల్లోకి లేచింది.

"పడ్తది, పడ్తది!" వీరేందర్ తల పట్టుకున్నాడు.

"నొక్కకండి బిందుగారూ, ఆగండి!" అంది శ్రీదివ్య.

బిందు వేలు తీసేసింది. బండి అలాగే నిలిచింది! ముందున్న బరువు పట్టి ఉంచింది. ఆమె చక్రాలను కొంచెం కుడికి తిప్పి, వెంట్రుకంత నొక్కింది. కుడి టైరు రాతి నెర్రెలో చిక్కింది. ముందు భాగం మెల్లగా దిగి, ఎడమ చక్రం బండను తాకింది. కరకరమంటూ టైర్లు పట్టుకున్నాయి. ఒక్క జానెడు. ఇంకో జానెడు. బండి పుల్లల నడుమ నుంచి పోయి, ఏనుగు బండ నెత్తిన నిలబడింది.

అందరూ ఒక్కసారిగా అరిచారు. వీరేందర్ ఈల వేశాడు. శ్రీదివ్య పరుగున వచ్చి బిందును వాటేసుకుని గిరగిరా తిప్పింది. బిందుకు వస్తున్నది ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు.

పడగొట్టిన పుల్లల వల్ల ఆమెకు వచ్చింది రెండో స్థానమే. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అందరూ ఆమె బండిని బోర్లించి, పొట్ట వైపు వేళ్లతో తడిమి చూస్తున్నారు.

"ఈ వంపు ఎలా వచ్చిందండీ? నాకూ ఒకటి కోసిపెట్టండి, ప్లీజ్!" అంది శ్రీదివ్య.

"నీకు గిదే వద్దు దివ్యా. నీ మోటారు పెద్దగుంటది, వేరే గీయాలె," అంది బిందు. అంటూనే ఒక రాతిముక్క తీసుకుని, అక్కడే ఆ బండ మీద, వెడల్పుగా ఒక పలక ఆకారం గీయడం మొదలుపెట్టింది. నలుగురూ ఆమె చుట్టూ కూర్చున్నారు.